సగం పసుపు మొహం

ఆ బొమ్మ గురించా అడుగుతున్నావ్? సగం మొహం పసుపు, సగం మామూలు. పాడైపోయిందనుకున్నావు కదూ? అందరూ అలాగే అనుకుంటారులే. పాడవలేదు తల్లీ, మా అక్క కావాలనే అలా ఉంచింది. పొగరు! ఇలా కూర్చో, చెప్తా. టీ పక్కన పెట్టు, చల్లారితే మళ్ళీ కాచుకుందాం. ఏం చెప్తున్నా... ఆఁ, మా అక్క. నువ్వు పుట్టకముందే పోయింది, నీకేం తెలుస్తుంది. అప్పట్లో మనుషుల బొమ్మలు వేసే మాస్టారు ఒకాయన ఉండేవారు. పెద్దపెద్దవాళ్ళంతా ఆయన ముందే కూర్చునేవారు. నేర్పమని అక్క వెళ్తే ఎగాదిగా చూసి, "మ్యూజియంలో పాతకాలం ముసలావిడ బొమ్మ ఉంది, దాన్ని అచ్చంగా దింపుకురా. నాకు తేడా కనపడకపోతే అప్పుడు బతికున్న మనిషిని వేయనిస్తా" అన్నారట. ఇంకేం, ఉడుం పట్టు పట్టింది మా అక్క.

పొద్దస్తమానం మ్యూజియంలోనే. ఇంటికొస్తే ఒళ్ళంతా అవిసె నూనె వాసన. "ఆ చేతుల్తో నా గిన్నెలు ముట్టుకున్నావో!" అని మా అమ్మ కేకలు. నూనె రంగు ఓ పట్టాన ఆరి చావదు కదా, ఒక పొర వేయడం, ఆరేదాకా గోళ్ళు గిల్లుకుంటూ కూర్చోవడం, మళ్ళీ ఇంకో పొర. ఆ ముసలావిడ మొహమంతా తేనె పూసినట్టు పసుపుగా ఉండేది. ఆ పసుపు పట్టుకోవడానికి ఎంత చచ్చిందో! మాస్టారి బొమ్మలన్నీ ఆ పసుపే మరి, "అదే పెద్దల పద్ధతి" అనేవారు ఆయన. చివరికి పట్టుకుంది. రేపో మాపో చూపిస్తుందనగా, మ్యూజియం వాళ్ళు అసలు బొమ్మని దించి శుభ్రం చేశారు. ఎప్పుడో పైన పూసిన వార్నిష్ ముదిరిపోయిందట, దాన్ని తీసేశారు. తీస్తే ఏముంది? ముసలావిడ బుగ్గ మీద ఎరుపు, కంటి కింద కాస్త నీలం, పిలిస్తే పలికేట్టుంది. ఆ పసుపంతా వార్నిష్‌దేనమ్మా!

అక్క ఆ పళంగా మాస్టారి దగ్గరికి పరుగు, బొమ్మ మోసుకుంటూ వెనక నేను. ఆయన చూసి "భేష్" అన్నారు. "కాదండీ మాస్టారూ, ఇది తప్పు. వెళ్ళి అసలుది చూడండి" అంది. "చూశాను. తోమి తోమి నాశనం చేశారు వెధవలు. నువ్వు దింపిందే సరి. రేపట్నుంచి రా, మనుషుల్ని వేద్దువుగాని" అన్నారు. కోరుకున్నది చేతికొచ్చింది కదా, నోరు మూసుకోవచ్చు కదా! ఊహూఁ. అక్కడే కత్తి తీసి బొమ్మలో సగం మొహం గీకేసింది. ఆ సగాన్ని తను చూసొచ్చిన రంగుల్తో ఆయన కళ్ళ ముందే మళ్ళీ వేసింది. "ఇందులో బతికున్న మనిషి ఏ పక్కనుందో మీరే చెప్పండి" అంది. "నా గడప తొక్కకు" అన్నారు ఆయన. "తొక్కను" అంది. అంతే! ఇంటికి తెచ్చి వీధి కిటికీలో పెట్టింది. కామెర్లు సగమే తగ్గాయా అని నవ్వని వాడు లేడు. నవ్వనీ! ఆ కిటికీ చూసే కదా, తర్వాత జనం బొమ్మ వేయమని మా గుమ్మం ఎక్కింది.

చాన్నాళ్ళకి మాస్టారే వచ్చారు. బాగా ముసలైపోయారు, పాపం. కుర్చీలో కూర్చుని "నా బొమ్మ వేయమ్మా" అన్నారు. అక్క రంగులు కలుపుతుంటే మెల్లిగా, "కొంచెం పసుపు వెయ్యమ్మా, నాకు అలవాటైపోయింది" అన్నారు. నాకైతే ప్రాణం ఉసూరుమంది. ముసలాయన అంతలా అడిగాక, వేస్తే పోయేదేముంది?

వేయలేదమ్మా. మా అక్క చుక్క పసుపు కూడా వేయలేదు.

ఆ కిటికీ తలుపు వెయ్యి, బొమ్మ మీద ఎండ పడుతోంది.