పక్క కొట్టు సంతకం

హామీ సంతకం లేని లోను ఫారం పట్టుకుని ఆమె ఏలూరు పొదుపు సంఘం మెట్ల మీద దిగులుగా కూర్చుంది. బజార్లో పక్క కొట్టు పెద్దావిడ వచ్చి ఆమె పక్కనే చతికిలబడింది.

"లోను దేనికమ్మా?"

"పచ్చడి సీసాలకి మూతలు బిగించే మిషను కొందామనండి."

"సంతకానికి అందర్నీ అడిగావంట. నన్నెందుకు అడగలేదు?"

"మీరూ రొయ్యల పచ్చడే అమ్ముతారు కదండీ. నా బేరం పెరిగితే మీది తగ్గుద్ది. ఏ మొహం పెట్టుకుని అడగను?"

"ఇటియ్యి."

పెద్దావిడ నింపాదిగా సంతకం చేసింది.

"ఇంకోసారి ఆలోచించుకోండి, పిన్నిగారూ."

"నా మొదటి లోనుకి ష్యూరిటీ ఎవరనుకున్నావు? పోయిన మీ అత్తగారే. అప్పట్లో మన బజార్లో రొయ్యల పచ్చడి అమ్మేది ఆవిడొక్కతే."