రెండో అంతస్తు దాటిన లిఫ్టు

ఎల్బీనగర్‌లో ఒక షాపింగ్ మాల్. రెండో అంతస్తు దాటిన లిఫ్టు మూడోది చేరకముందే ఆగిపోయింది. లోపల ఇద్దరే ఉన్నారు: స్టూలు మీద కూర్చుని లిఫ్టు నడిపే సైదులు, అతనికి పని నేర్పించి ఇక్కడ చేర్పించిన సేవాసంస్థ మేడం.

“ఏమైంది సైదులూ? బాగుచెయ్యవయ్యా. మా దగ్గర ఆర్నెల్లు నేర్చుకున్న పనే కదా!”

“నేర్చుకున్న మేడం. గానీ కంపెనీ నన్ను గీ స్టూలు మీద కూసోబెట్టి బటన్లు ఒత్తుమన్నది. పానా ముట్టుకుంటే నౌకరీ పోతదంట.”

“మొదట్లో అలాగే ఉంటుంది. మెల్లగా పైకి తీసుకుంటారులే.”

“ఏడాదాయె! రోజుకు వందసార్లు పైకి పోతున్న, మల్ల కిందికే ఒస్తున్న. తలుపు సక్కగ పడ్తలేదని మూడుసార్లు చెప్పిన. నీకెందుకు, బటన్లు ఒత్తు అన్నరు.”

“నేను మాట్లాడతాను. ముందు నీకు నేర్చుకున్న పనిలోనే ఉద్యోగం వచ్చిందని ఈ కాగితం మీద సంతకం పెట్టు. ఇది ప్రభుత్వానికి వెళ్తేనే మాకు శిక్షణకి ఇంకో బ్యాచ్ ఇస్తారు.”

“జర చదవనీయుండ్రి. ‘సైదులు, లిఫ్ట్ టెక్నీషియన్.’ ఎవరు మేడం గీయన?”

“కంపెనీ వాళ్లు రాసిచ్చిందేనయ్యా. ఉండు, వాళ్లే ఫోన్ చేస్తున్నారు. హలో! అవునండీ, ఇరుక్కుపోయాం. త్వరగా మెకానిక్‌ని పంపించండి. లోపల ఎవరున్నారా? నేనూ, మీ లిఫ్ట్ బాయ్.”

ఆమె ఫోన్ పెట్టేసేసరికి కాగితం సంతకం లేకుండానే తిరిగి ఆమె చేతిలోని ఫైలు మీదికి వచ్చింది.

“ఫోన్ల లిఫ్ట్ బాయ్, కాయితంల టెక్నీషియనా? ఫోన్ల చెప్పిందే గీడ గూడ రాయుండ్రి మేడం. గిప్పుడే సంతకం పెడ్త.”