దాచిన బిడ్డ

బంగారుపాళ్యంలో మామిడి గుజ్జు ఫ్యాక్టరీ గేటు దగ్గర, పనిలోకి వెళ్తున్న ఒక తల్లిని అంగన్వాడీ టీచరు ఆపింది.

“నిన్న ఆసుపత్రోళ్లు, మా ఆఫీసోళ్లు, బడోళ్లు కలిసి ఒకే జీపులో మన సెంటరుకు వచ్చినారు మే.”

“బక్కబిడ్డ కనిపిస్తే సెంటరుకు చెడ్డపేరంటిరి గదా. అందుకే మావాణ్ని పంపకుండా ఇంట్లోనే పెట్టుకున్నాను.”

“బక్కబిడ్డల కోసమే వచ్చినారంట. తిరుపతి ఆసుపత్రిలో చేర్పించేదానికి.”

“మీరేం చెప్పినారు?”

“ఒక్కరూ లేరన్నాను. మెచ్చుకోని పోయినారు. నిద్ర పట్టలేదు మే. ఇప్పుడే వాళ్లకు ఫోను చేసి నిజం చెప్తాను. పోయి బిడ్డనెత్తుకోని రా.”

“మీరు వద్దనకున్నా తెచ్చేదాన్ని కాదులే టీచరమ్మా. తల్లి సరిగ్గా పెట్టలేదంటారని నాకూ సిగ్గే. వాడే పాపం, జీపు చూడాలని తల దువ్వించుకోని వాకిట్లో కూర్చున్నాడు. నేనే లోపలికి లాగి తలుపేసినాను.”