ఎర్ర డబ్బా వస్తే ఏం నొక్కాలి

హొసకోటెలోని ఒక తెలుగు చర్చిలో పాటల బృందాన్ని నడిపే విజయకుమారి శనివారం సాయంత్రం ఎబినేజర్‌కి ఫోన్ చేసింది. అతను వైట్‌ఫీల్డ్‌లో ఉద్యోగం చేస్తాడు. ఆరాధనలో పాటలు తెర మీద చూపించే సాఫ్ట్‌వేర్‌ని తీరిక వేళల్లో సొంతంగా రాసి చర్చికి ఇచ్చింది అతనే. ఎర్ర డబ్బా అనే మాట చెవిన పడగానే అతనికి అరికాలి మంట నెత్తికెక్కింది.

"మళ్లీనా ఆంటీ? మళ్లీ ఎర్ర డబ్బానా?"

"అవునప్పా. పాటల సాఫ్ట్‌వేర్ తెరవబోతే వస్తావుండాది. వైరసంట, అపాయమంట. రేపు పొద్దున ఆరాధనకి స్క్రీన్ మీద పాటలు రావల్ల కదా, అందుకని..."

"వైరసూ లేదు, పాడూ లేదు. ఆ యాంటీవైరస్‌కి నేనంటే పడదు. అంతే."

"అది కాదు నాయనా, ఈ తూరి..."

"ఈసారీ అదే ఆంటీ. ఆ కంపెనీకి ఆరుసార్లు రాశాను. ఆరుసార్లూ 'పొరపాటు మాదే, సరిచేశాం' అన్నారు. నేను ఏదో చిన్న తప్పు దిద్ది కొత్తది పంపుతానా, మళ్లీ మొదలు. ఆఫీసు నుంచి వచ్చి, ఇంత తిని, ఇదే పని. మూడేళ్లు. ఎవర్నయినా ఏమైనా అడిగానా?"

"లేదు. అడిగినావని ఎవరన్నారు?"

"మరి దొంగని పట్టుకున్నట్టు పట్టుకుంటుందేం?"

"నన్నడిగితే నాకేం తెలుస్తాది?"

"నేను చెప్తాను. లక్షలమంది వాడేదైతే చూసీచూడనట్టు వదిలేస్తుంది. నాది వాడేది ముప్ఫై నాలుగు చర్చిలు. ఎవరికీ తెలియనిది కాబట్టి అనుమానం. వీధిలోకి కొత్తగా అద్దెకొచ్చినవాణ్ణి చూసినట్టు."

"ముప్ఫై నాలుగా?"

"ముప్ఫై నాలుగే. ఏం?"

"ఏం లేదు. చెప్పు."

"పోయిన ఆదివారం మన సంఘపెద్ద దేవదాసుగారు ఏమన్నారో విన్నారుగా. చర్చి మెట్ల మీద, అందరి ముందూ. 'ఏం బాబూ, దేవుని మందిరంలో వైరస్ పెట్టావంట' అని. నాకు తల కొట్టేసినట్టయింది."

"పెద్దాయన. తెలీక అన్నాడులే."

"మీరు పక్కనే ఉన్నారు. ఒక్క మాట అనలేదు."

"నువ్వు మంచోడివి నాయనా. అది నాకు తెలుసు."

"నా సంగతి కాదు, సాఫ్ట్‌వేర్ సంగతి అడుగుతున్నాను."

"ఇప్పుడు ఏం నొక్కల్లో చెప్పప్పా. క్వయర్ పిల్లలు వచ్చి కూర్చోనుండారు."

"చెప్తాను. భయపడకండి."

"భయమే నాకు. నా పాటలన్నీ ఈ కంప్యూటర్లోనే ఉండాయి. మా అమ్మ నేర్పినవి, మా ఊరి ముసలామె అక్కయమ్మ పాడి చెప్పినవి. యే పుస్తకంలోనూ లేనివి. మూడువందల పన్నెండు పాటలు, ఏడాది కూర్చోని ఒక్క వేలితో కొట్టినాను. అక్కయమ్మ కూడా పోయె. మళ్లీ పాడించుకుందామన్నా మనిషి లేదు."

"ఇంకోచోట కాపీ పెట్టుకోమని చెప్పానా?"

"పెడతాను, పెడతాను."

"పాటలకేం కాదు. నాది పూచీ. డబ్బాలో కింద 'మోర్' అని చిన్నగా ఉంటుంది. నొక్కారా?"

"నొక్కినాను. ఇంకా ఎర్రగా అయింది. ఏందో పేరుండాది, పొడుగ్గా. చదవనా?"

"పేరొద్దు. ప్రతిసారీ కొత్త పేరు పెట్టి తిడుతుంది. అవన్నీ వింటూ కూర్చుంటే నాకు పిచ్చెక్కుతుంది. 'అలవ్' అని ఉందా?"

"ఉండాది. నిజంగా కావల్లా అని అడుగుతావుండాది."

"కావాలనండి."

"ఎబినేజరప్పా, స్వల్పం ఆగు. నీకొక మాట చెప్పల్ల."

"ముందు నొక్కండి ఆంటీ, మాట తర్వాత."

"అది కాదప్పా, నువ్వు బాధపడతావని..."

"బాధ ఇప్పుడు కొత్తగా పడేదేముంది? ముప్ఫై నాలుగు చర్చిల్లోనూ ఇదే పాట. డబ్బా చెప్పిందే వేదం, నేను చెప్పింది అబద్ధం. ఆ డబ్బాని కాదని నా మాట విన్న మనిషి ఒక్కరైనా ఉండాలి కదా. మీరైనా వినండి."

"సరేప్పా, నొక్కుతాను."

"నొక్కారా?"

"నొక్కినాను."

"పోయిందా?"

"పోయి మళ్లీ వచ్చె."

"అయితే యాంటీవైరస్‌నే ఆపేద్దాం. గడియారం పక్కన డాలు బొమ్మ ఉంటుంది చూడండి. దాని మీద నొక్కితే 'ఆఫ్' అని వస్తుంది."

"మొత్తానికే ఆపేసేదా?"

"మొత్తానికే. రేపు ఆరాధన అయ్యాక మళ్లీ పెట్టుకోవచ్చు. ఒక్కరోజు నోరు మూసుకుంటే దాని సొమ్మేం పోదు."

"నువ్వు చెప్తావుండావు కాబట్టి చేస్తావుండాను."

"చేయండి. ఏమన్నా అయితే నన్నడగండి."

"ఆపినాను. డబ్బా రాలేదిప్పుడు."

"చూశారా? రాదు. ఇప్పుడు సాఫ్ట్‌వేర్ తెరవండి. తెరుచుకుందా?"

"గిర్రున తిరుగుతావుండాది."

"తిరగనివ్వండి. రేపు దేవదాసుగారిని ముందు వరసలో కూర్చోబెట్టండి. ఆయన కళ్లతో ఆయన్నే చూడమనండి. వైరస్ ఎక్కడుందో చూపించమనండి."

"సరేలే."

"సరేలే కాదు, చెప్పాలి మీరు. పాటలు వచ్చాయా?"

"పాటలు పెట్టుకున్న ఫోల్డరు చూస్తావుండాను. ఉండాయి. కానీ పేర్లు మారతావుండాయప్పా."

"పేర్లేంటి?"

"పాటల పేర్లు. ఒకదాని వెనకాల ఒకటి. పేరు పోయి ఏవో ఇంగ్లీషు అక్షరాలు వస్తావుండాయి. నొక్కితే తెరుచుకోలేదు. ఇది ఇట్లే చేస్తాదా?"

"చేయదు. నా దాంట్లో పేర్లు మార్చే పనే లేదు. మీరు ఏం తెరిచారు?"

"పాటలదేనప్పా."

"ఆంటీ, మీరు తెరిచిందేంటి?"

"నీది పోయిన ఆదివారమే తీసేయించినారు నాయనా, దేవదాసుగారు. నీకు చెప్పడానికి నాకు నోరు రాలేదు. ఇది చర్చి వాట్సాప్ గ్రూపులో ఎవరో పంపిన వేరే పాటల సాఫ్ట్‌వేర్."