రఘుపతి గారి మెస్సులో ‘హాట్’

శ్రీ బొమ్మెన రఘుపతి గారు 1994 సెప్టెంబరు పదకొండో తేదీన ఈ ఎడారి దేశంలో మన కంపెనీ ఖురియాత్ సైటు మెస్సులో సహాయకుడిగా చేరారు. “వంట వచ్చా?” అని అడిగిన సూపర్‌వైజరుకు, “వంట రాదు సార్. ఉప్పెక్కువైతె చెప్త” అని జవాబిచ్చిన ఆ జగిత్యాల యువకుడు, ఇన్నేళ్ళ తరువాత అదే శాఖకు అధిపతిగా నేడు పదవీ విరమణ చేస్తున్నారు.

ఖురియాత్ నుంచి అల్ సువైక్ సైటుకు బదిలీ అయ్యాక ఆయన కార్మికుల క్యాంపు బాధ్యత కూడా స్వీకరించారు. రూములో ఇద్దరు అలిగి మాట్లాడుకోకపోతే రఘుపతి గారు పంచాయితీ పెట్టేవారు కాదు. ఇద్దరికీ ఒకే పళ్ళెంలో అన్నం వడ్డించేవారు. ఆకలి ముందు పంతం ఎంతసేపు నిలుస్తుంది?

అల్ ఖౌద్ క్యాంపులో ఆయన మెస్సు సూపర్‌వైజరుగా ఉన్న కాలంలో మన ప్రాజెక్టులో భాగస్వామి అయిన చైనా కంపెనీ ఇంజనీర్లు అక్కడికి వచ్చారు. వారి మేనేజరు లియాంగ్ గారు. కాంక్రీటుకు, కాంట్రాక్టులకు భయపడని ఆ పెద్దమనిషిని ఒక చిన్న ఇంగ్లీషు మాట నిత్యం వేధించేది. అది ‘హాట్’.

“మిస్టర్ రఘు, సన్ హాట్, ఓకే. టీ హాట్, ఓకే. చిల్లీ ఇన్ ఫ్రిజ్, కోల్డ్. స్టిల్ చిల్లీ హాట్. వై?”

“సర్, ఇంగ్లీష్ పూర్ లాంగ్వేజ్. వన్ వర్డ్, ఆల్ ఫ్యామిలీ షేరింగ్.”

చైనా వారికి వేడికి ఒక మాట, కారానికి మరో మాట ఉన్నాయి. మనకూ అంతే. కనుక లియాంగ్ గారి బాధ రఘుపతి గారికి అర్థమైనంతగా మరెవరికీ అర్థం కాలేదు. వెల్డింగుకు ముందు తీసుకునే ‘హాట్ వర్క్ పర్మిట్’ను ఎండలో పనిచేయడానికి ఇచ్చే అనుమతి అనుకుని లియాంగ్ గారు వెల్డర్లందరికీ గొడుగులు తెప్పించారు. “బడా సాబ్ ఆజ్ బహుత్ హాట్ హై” అని డ్రైవరు సమీయుల్లా పెద్దసారు కోపం గురించి హెచ్చరిస్తే, లియాంగ్ గారు ఆయన గదికి చల్లని లబన్ మజ్జిగ పంపించారు. పెద్దసారు నిజంగానే చల్లబడ్డారు.

నవ్వులాట అక్కడితో ఆగింది. మెస్సు భోజనం సహించడం లేదని, నెలాఖరుకు చైనా సిబ్బంది వేరే వంటశాల పెట్టుకుంటారని లియాంగ్ గారు కబురు పంపారు. భోజనం చేసేవారు సగం తగ్గితే మొదట ఇంటికి వెళ్ళేది వంటమనిషి దేవయ్య. ఆయన కూతురు నర్సింగు చదువు మధ్యలో ఉంది.

నిజానికి చైనా వారి వంట విషయంలో రఘుపతి గారు చూపిన శ్రద్ధ అపారం. అతిథులకు నోరు మండకూడదని వారికి విడిగా ఉడికించిన క్యాబేజీ, ఉప్పు, మిరియాల పొడి ఏర్పాటు చేశారు. దేవయ్యకు అదే కంటగింపు.

“సారూ, ఆళ్ళ మొకాలు జూస్తె నాకే ఏడుపొస్తున్నది. జరంత కారం ఏస్త.”

“ఏయ్! సుట్టాలకు మన కారం పెడ్తమా? పరదేశపోళ్ళు. నోరు కాల్తె కంపెనీ పరువు ఏంగావాలె?”

“మనం గూడ పరదేశపోళ్ళమే గద సారూ!”

“నువ్వు నోర్మూసుకోని క్యాబేజీ కొయ్యి.”

ఆ శుక్రవారం మధ్యాహ్నం, తుది నిర్ణయం చెప్పడానికి లియాంగ్ గారు నేరుగా వంటగదిలోకే నడిచి వచ్చారు. పొయ్యి మీద వంటవాళ్ళు తమ కోసం వండుకున్న పచ్చిమిర్చి కోడికూర ఉంది. ఆయన మూత తీశారు. రఘుపతి గారు అడ్డుకోవడానికి పరుగెత్తారు.

“స్టాఫ్ ఫుడ్ సర్! వెరీ డేంజర్!”

ఆలస్యమైంది. గరిటె అప్పటికే నోట్లో ఉంది. లియాంగ్ గారి ముఖం ఎర్రబడింది. కళ్ళ వెంట నీళ్ళు, ముక్కు వెంట నీళ్ళు. రఘుపతి గారు మంచినీళ్ళ గ్లాసు అందిస్తే పక్కకు నెట్టేశారు. దేవయ్య మనసులోనే పెట్టె సర్దుకున్నారు. లియాంగ్ గారు మాత్రం ఒక పళ్ళెం తీసుకుని, దాని నిండా అన్నం పెట్టుకుని, కూర పోసుకుని, బోర్లించిన నూనె డబ్బా మీద కూర్చున్నారు. రెండోసారి వడ్డించుకున్న తరువాతే నోరు విప్పారు. ఆయనది చైనాలో కారానికి పేరుపడ్డ హునాన్ అట.

“మై మదర్ కిచెన్, సేమ్ ఫైర్! వన్ ఇయర్ యు గివ్ మీ హాస్పిటల్ ఫుడ్. వై, మిస్టర్ రఘు?”

“యు గెస్ట్ సర్.”

“నో గెస్ట్! సేమ్ క్యాంప్, సేమ్ డస్ట్!”

వేరే వంటశాల మాట ఆ డబ్బా మీదే సమాప్తమైంది. మరునాటి నుంచి అందరికీ ఒకే కుండ. కారం పడని ఇద్దరు చైనా సర్వేయర్లు మాత్రం రఘుపతి గారిని నేటికీ క్షమించలేదు. వారికి క్యాబేజీ కొనసాగుతోంది. దేవయ్య కూతురు చదువు పూర్తయింది. నేటి నుంచి మెస్సు బాధ్యత దేవయ్యదే. ఆ నియామకాన్ని ప్రతిపాదించినది లియాంగ్ గారు.

చివరగా, రఘుపతి గారి సతీమణి శ్రీమతి రాజేశ్వరి గారికి మా అందరి విన్నపం. ఇన్నేళ్ళుగా సెలవు మీద ఇంటికి వచ్చిన ప్రతిసారీ రఘుపతి గారికి మీరు కొత్త దుప్పటి పరిచారు, పింగాణీ పళ్ళెంలో మొదటి వడ్డన చేశారు. అమ్మా, ఇక ఆ మర్యాదలు చాలించండి. ఆయనను బజారుకు పంపండి, ఉల్లిపాయలు తరగమనండి, ఆలస్యంగా వస్తే తిట్టండి. రఘుపతి గారు సంపూర్ణ ఆరోగ్యంతో, నిండు ఆయుష్షుతో, తమ సొంత ఇంట్లో అతిథిగా కాక ఇంటి మనిషిగా నూరేళ్ళూ భోజనం చేయాలని మనసారా కోరుకుంటున్నాము.