కోచ్ సార్ కూర్చున్న కుర్చీ

హలో… ఆ ఆ, నేనే. బొంగరం వాళ్ళ తాతని… ఎవరూ?

కోచ్ సారా! గొంతు సన్నబడిందేంటి సార్? కొత్త కాలేజీలో తిండి సరిగ్గా పెట్టట్లేదా?… ఊరికే అన్నాలెండి. ముసలాడి వాగుడు.

ఉన్నాడు సార్, పెరట్లోనే. గోడకి కొట్టిన బాస్కెట్‌బాల్ రింగు దగ్గర. ఆ బంతి చప్పుడు వినపడట్లా? మీరు కాలేజీ మారారని తెలిసినప్పట్నుంచీ ఇదే వరస. కాసేపు ఆడతాడు, ఫోన్ చూసుకుంటాడు, మళ్ళీ ఆడతాడు. “సార్ నన్నూ తీసుకెళ్తారు తాతా, మాటిచ్చారు” అంటాడు. నేనేమో “అంత పెద్ద కాలేజీకెళ్ళినాయన కంటికి నువ్వెక్కడ ఆనతావురా” అని ఏడిపిస్తుంటా. ఇవాళ ఫోన్ చేసి నా నోరు మూయించారు!

ఉండండి, పిలుస్తా… ఒరేయ్ బొంగ— ఆ?… పిలవొద్దా?

ఓహో, ముందు పెద్దవాడితో మాట్లాడాలనా. అదీ మర్యాదంటే. వాణ్ణి మీ టీములో చేర్చుకోడానికి వచ్చినప్పుడూ అంతే గదా, తిన్నగా నా దగ్గరికే వచ్చారు. మా వసారాలో నీలం కుర్చీలో కూచుని, “చదువైపోయేదాకా నా కొడుకులా చూసుకుంటా” అన్నారు. ఆ కుర్చీలో ఇంతవరకూ ఎవర్నీ కూచోనివ్వలేదు సార్ మావాడు. పిల్లి ఎక్కితే పిల్లిని దించాడు. నేనెక్కితే నన్నూ దించాడు.

వాడు బంతి అందించడం గురించి మీకు నేను చెప్పేదేముంది! పసివాడప్పుడు మా పెరట్లో పిడుగు పడబోతే, నేల తాకకముందే పట్టుకుని పక్కింటివాళ్ళ దొడ్లోకి విసిరేశాడు. వారం పాటు వాళ్ళ బావిలో నీళ్ళు వేడివేడిగానే వచ్చాయి… నవ్వకండి. నేను చెప్తే చాలా ఏళ్ళు నిజమనే నమ్మాడు వెర్రిబాగులోడు. బళ్ళో చెప్పి దెబ్బలు కూడా తిన్నాడు.

…ఆ పొడుగోడు, నిచ్చెనా? ఉన్నాడు గా. సెలవులకి మావాడితో పాటే వచ్చాడు. ఒకే టీము, ఒకే హాస్టల్ గది, విడిచి ఉండరు. లోపల మంచం మీద పడుకున్నాడు. కాళ్ళు మాత్రం వంటింట్లో ఉన్నాయి… ఎందుకు సార్?

ఫోన్ తియ్యట్లేదా.

…

వింటున్నా. చెప్పండి.

వాణ్ణి తీసుకెళ్తారు… మంచిది సార్. బుద్ధిమంతుడు. మరి… మావాడు?

…

పొట్టి. అవును, పొట్టే. మీరొచ్చి చూసినప్పుడూ పొట్టే గదా సార్? ఈ ఏడాదిలో కుదించుకుపోలేదు గా?

…ఒక్క ఖాళీయే ఉందా. ఊఁ.

కాదు సార్, ఒక్క మాట అడుగుతా. నిచ్చెన రింగులో వేసిన బంతులన్నీ ఎవడి చేతిలోంచి వచ్చాయి?… పడటం చూశారు సార్ మీరు. ఎక్కణ్ణుంచి లేచిందో చూడలేదు.

సరే లెండి. మీకు పనులుంటాయి.

ఏంటీ, నేను చెప్పాలా? మావాడికి తెలియకుండా, నిచ్చెనని పక్కకి పిలిచి?… సాయంత్రంలోగా మీకు జవాబివ్వమనా! భలే పని అప్పజెప్పారు సార్. తోడపెళ్ళికొడుక్కి సంబంధం కుదిరిందని పెళ్ళికొడుకు ఇంట్లో చెప్పి పొమ్మన్నట్టుంది.

నిన్నే వాడికి మెసేజ్ పెట్టారా? అందుకా వాడు నిన్నట్నుంచీ మావాడి మొహం చూడట్లేదు! కంచం ముందు కూచుని మెతుకులు కెలుకుతున్నాడు. నా వంటకి వంకేమో అనుకున్నా.

చెప్తాను సార్. వాడి నోటి దగ్గర ముద్ద నేను లాగను. వాడేం చేశాడు పాపం… కానీ మావాడితో ఒక్క మాట మాట్లాడండి. “బాగా ఆడతావురా” అనండి చాలు. అబద్ధమనిపిస్తే ఆ పాపం నా ఖాతాలో వేసుకుంటా, నాకు అలవాటే… టైం లేదా. విజిలు ఊదడానికి పట్టేంత టైం కూడా లేదా సార్?

…ఉండండి. బంతి చప్పుడు ఆగింది. వస్తున్నాడు. పెట్టెయ్యకండి, ఒక్క నిమిషం, పెట్టెయ్యకండి—

కుదరదు కోచ్ సారూ! ఎంత బతిమాలినా మావాణ్ణి పంపను! ఇక్కడే చదువుతాడు, ఇక్కడే ఆడతాడు, అంతే!… అయ్యో, ఏడవకండి సార్, విజిలేసి నలుగుర్ని పరిగెత్తించే మనిషి ఏడిస్తే బాగోదు…

ఆ, మీ సారేరా. నీ కోసమే. కాళ్ళావేళ్ళా పడుతున్నాడు. నేనే వద్దన్నా… నన్ను తిట్టుకో. ఎంత కావాలంటే అంత తిట్టుకో… ఫోన్ ఇవ్వను, చెయ్యి తియ్యి… ఆఁ సార్, మావాడే, పక్కనే ఉన్నాడు, ఇవ్వను గాక ఇవ్వను—

ఏంట్రా?… ఫోన్ కూస్తోందా? ఏదీ, నాకేం వినపడట్లేదే… కట్టయిందా? ఎప్పుడు?

…ఇప్పుడే అయుంటుంది.

అలా చూడకురా. ఒరేయ్, పిడుగుని నమ్మావు గదరా…

ఇదిగో, పెట్టేస్తున్నా ఫోను. మొహం కడుక్కుని లోపలికి రా, మంచినీళ్ళిస్తా… లోపలికి రారా…

ఒరేయ్… ఆ కుర్చీలో కూచున్నావేంట్రా?