కోళ్లమ్మ విన్న పిలుపులు

మిత్రులారా, పెద్దలారా, కోళ్లమ్మ ఇంటివాళ్లారా,

ఈ హాల్లో కుర్చీలు చాలలేదు. గోడల వెంట నిలబడ్డారు, వరండాలో నిలబడ్డారు, మెట్ల మీద కూర్చున్నారు. జంతువుల అరుపుల మీద పరిశోధన చేసే మా విభాగం ఎన్నో సభలు పెట్టింది. ఏనాడూ ముందు వరుసైనా నిండలేదు. ఈరోజు నిండింది. కోళ్లమ్మ ఇక లేదన్న బాధ మీ అందరికీ ఉన్నట్టే నాకూ ఉంది. దాంతోపాటు ఇంకొకటి కూడా ఉంది. అసూయ. ఇలాంటి చోట అనకూడని మాటే. కానీ ఒకే గదిలో, ఎదురెదురు బల్లల దగ్గర జుట్టు నెరిసేదాకా పనిచేశాం. పోయింది కదా అని లేనిపోని మంచితనం నటిస్తే ఆమే నన్ను ముందు వెక్కిరించేది.

మేమిద్దరం ఒకే ఏడాది పరిశోధనలో చేరాం. ఒకే గురువుగారు, ఒకటే పని: కోళ్లు ఒకదానికొకటి ఏం చెప్పుకుంటాయో తేల్చడం. నేను రికార్డు చేసిన అరుపులను కంప్యూటర్లో గీతలుగా మార్చుకుని తేడాలు వెతికేదాన్ని. ఆమె షెడ్డులో బకెట్టు బోర్లించుకుని కూర్చునేది. షెడ్డులో పనివాళ్లు ఆమెకు కోళ్లమ్మ అని పేరు పెట్టారు. మరి నాకేం పెట్టారు? నాకేమీ పెట్టలేదు.

ఒకనాడు వచ్చి, "ఒసేయ్, మన కోళ్లకి భయమంటే ఒకటే అరుపు అనుకున్నాం కదా. కాదే. గద్దకి ఒకటి, కుక్కకి ఒకటి" అంది. వేరే జాతుల్లో అలా ఉంటుందని చదివాను గానీ, మా కోళ్లలో లేదనే నా నమ్మకం. నవ్వేశాను. ఆమె వాదనకు దిగలేదు. రెండు అరుపులూ రికార్డు చేసి, గడ్డిమోపు వెనక స్పీకరు దాచి వినిపించింది. గద్దా లేదు, కుక్కా లేదు. ఉన్నది అరుపు ఒక్కటే. మొదటి అరుపుకి కోళ్లన్నీ నేలకి ఒదిగి, తల పక్కకి వాల్చి ఆకాశంలోకి చూశాయి. రెండో అరుపుకి మెడలు నిక్కించి చుట్టూ చూశాయి. నేను గదికి పరిగెత్తి నా గీతలు తీసి చూశాను. ఆ తేడా వాటిలో మొదటినుంచీ ఉంది. రోజూ నా కళ్లముందే ఉంది. కానీ కనిపెట్టింది ఎవరు? ఆమె.

ఇంకొక సంగతి చెప్పాలి. మంచి గింజలు దొరికితే పుంజు వేరే రకంగా పిలుస్తుందని, ఆ పిలుపు స్పీకరులో వినిపించగానే పెట్టలు పరిగెత్తుకొస్తాయని ఆమె ఒక పెద్ద సభలో చెప్పింది. అందరూ మెచ్చుకున్నారు. మరుసటి ఏడాది అదే సభలో లేచి, "పోయినేడు నేను చెప్పింది తప్పు" అంది. అరుపుకు ముందు స్పీకరు టిక్కుమంటోందట. ఆ టిక్కు వినిపిస్తే మేత పడుతుందని పెట్టలు నేర్చుకున్నాయట. ఈ తప్పు ఇంకెవ్వరూ పట్టుకోలేదు, తనే పట్టుకుంది. గురువుగారి మొహం మాడిపోయింది. నేనేమనుకున్నానో చెప్పమంటారా? అమ్మయ్య, ఇక నా వంతు అనుకున్నాను. కానీ జరిగిందేమిటి? సభంతా లేచి చప్పట్లు కొట్టింది. నేను ఒప్పు చెప్పినప్పుడు కూడా అన్ని చప్పట్లు రాలేదు. తప్పు చెప్పి కూడా గెలవడం ఎంతమందికి చేతనవుతుంది? తిరుగు బస్సులో ఆమె నా భుజం మీద తల పెట్టి హాయిగా నిద్రపోయింది. నేను కుళ్లుకుంటూ కిటికీలోంచి చూస్తూ కూర్చున్నాను.

తర్వాత ఆమెకు జబ్బు వచ్చింది. జబ్బుకు వాడిన మందులు ఆమె వినికిడిని తీసుకుపోయాయి. వినడమే బతుకైన మనిషికి అంతకంటే పెద్ద దెబ్బ ఏముంటుంది? పలకరించడానికి వెళ్లిన నాతో, "ఏడవకే. నాకు నీ చెవులు కావాలి" అంది. నన్ను షెడ్డుకి లాక్కెళ్లింది. పొదిగే రోజులు చివరికొచ్చిన ఒక గుడ్డును తల్లికోడి కిందనుంచి తీసి నా చెవికి ఆనించింది. లోపల పిల్ల కీచుమంటోంది. పెంకు ఇంకా పగల్లేదు, అప్పుడే అమ్మను పిలుస్తోంది. నాకు వినబడుతోంది, ఆమెకు వినబడటం లేదు. ఒక్క విషయంలోనైనా ఆమెకంటే పైమెట్టు మీద ఉన్నాననుకున్నాను. పిల్ల పిలిచిందని సైగ చేశాను. ఆమె తల్లికోడి గొంతు కేసి చూస్తూ, "ఆగు, ఇప్పుడు బదులిస్తుంది చూడు" అంది. ఇచ్చింది. ఆమె మొహం వెలిగిపోయింది. చెవులున్న నాకు ఆ వెలుగు ఏనాడైనా వచ్చిందా?

ఆరోజే అడిగేశాను. నా పెదవులు చూసి ఆమెకు తెలిసేలా, మాట మాటా విడదీసి అడిగాను. "నీకెప్పుడూ నన్ను చూసి కుళ్లు కలగలేదా?" ఆమె నిజంగానే ఆలోచించింది. "దానికి తీరికెక్కడ దొరికిందే?" అంది.

కోళ్లమ్మ కూతురా, ఇలా చూడు. మీ అమ్మ మీద ఈ పిన్నికి అసూయ ఇంకా తగ్గలేదు. తగ్గుతుందన్న ఆశా లేదు. ఎదుటి బల్ల ఖాళీ అయింది. ఇకనుంచి నేనెవరిని చూసి కుళ్లుకోవాలి?

అందరూ లేచి నిలబడండి. ఒక్క నిమిషం ఎవరూ మాట్లాడొద్దు. కళ్లు మాత్రం మూసుకోకండి. వినికిడి పోయిన ఆ నెలల్లో ఆమె మన మొహాల్లోకి ఎంత శ్రద్ధగా చూసేదో మీకు తెలుసు. అలాగే, మీ పక్కనున్న మనిషిని చూడండి.